వెనక గదికి వైరు

ఆమెకు భయపడటం వచ్చినంత బాగా ఇంకే పనీ రాదు. చదువు ఇంటర్ మధ్యలోనే ఆగిపోయింది గానీ, భయంలో మాత్రం పై చదువులన్నీ పూర్తి చేసింది. బిడ్డ తుమ్మితే దాన్ని ఉత్త తుమ్ము అనుకోదు. ఆ తర్వాత వచ్చే జలుబు, జలుబు తర్వాత వచ్చే జ్వరం, చివరికి ఆసుపత్రి వరండాలో తను గోడకానుకుని ఏడవటం, అన్నీ ఆ ఒక్క తుమ్ములోనే చూసేస్తుంది. తుమ్మింది బిడ్డ కాదు, పక్కింటి పిల్లి అని తర్వాత తేలిన సందర్భాలు కూడా ఉన్నాయి. అత్తగారు ఆమెకు కంగారమ్మ అని పేరు పెట్టింది. వెక్కిరింపుకి పెట్టినా అదే స్థిరపడిపోయింది. మొగుడి ఫోన్లో ఆమె నంబరు ఆ పేరు మీదే ఉంది.

అలాంటి కంగారమ్మకి ఉద్యోగం వచ్చేలా ఉంది.

పళ్ళ డాక్టర్ల తరఫున ఫోన్లు ఎత్తే ఉద్యోగం. ఇంట్లోనే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని, పన్ను నొప్పి వాళ్ళకి టైము ఇవ్వాలి. అన్నిటికన్నా ముఖ్యం, వాళ్ళు డిగ్రీ అడగలేదు. మామూలుగా ఏ దరఖాస్తు నింపబోయినా 'విద్యార్హత' అనే గడి దగ్గరకి రాగానే ఆమెకి పొయ్యి మీద పాలు గుర్తొస్తాయి. లేచి వెళ్తుంది, మళ్ళీ రాదు. ఈ ఒక్కచోట ఆ గడి లేదు. మాట స్పష్టంగా ఉండాలి, ఓపిక ఉండాలి అన్నారు, అంతే. ఓపిక ఉందా అన్నచోట "ఉంది" అని కొట్టింది. వెనక నిలబడి చూస్తున్న అత్తగారు నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

ఇవాళ మధ్యాహ్నం ఆఖరి పరీక్ష. ట్రైనింగ్ మేడమ్ వీడియోలో వచ్చి గది చూస్తుంది, తనే రోగిలా మాట్లాడుతుంది, ఉద్యోగం ఉందో లేదో అప్పుడే తేల్చేస్తుంది. షరతులు రెండే. తలుపు మూసుకునే గది ఉండాలి. నెట్టు మధ్యలో తెగకూడదు.

ఆ ఇంట్లో తలుపు మూసుకునే గది ఒక్కటే. హాలుకి తలుపే లేదు. వంటగది హాల్లోకే తెరుచుకుంటుంది. పడకగది తలుపుకి గడియ ఉండేది, బిడ్డ లోపల గడియ పెట్టేసుకుంటుందేమోనని తనే వడ్రంగిని పిలిపించి తీయించేసింది. అప్పటికి బిడ్డకి మూడు వారాలు. మెడ నిలపడం కూడా రాలేదు. గడియ లేని తలుపు గాలికి దానంతటదే తెరుచుకుంటుంది. మిగిలింది వెనక గది. పాత పరుపులు, విరిగిన ఫ్యాను, ఇస్త్రీ బల్ల అన్నీ అందులోనే. ఇంటర్నెట్ పెట్టె మాత్రం హాల్లో టీవీ పైన ఉంది. అక్కడి నుంచి వెనక గదికి రావాలంటే సిగ్నల్ రెండు గోడలు, ఒక ఫ్రిజ్జు, ఒక ఇనప బీరువా దాటాలి. అది బీరువా దాకా వచ్చి వెనక్కి పోతుంది. ఫోన్ డేటా సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ గదిలో కాల్ వస్తే హలో అనడానికి పరిగెత్తుకుంటూ పెరట్లోకి వెళ్ళాలి.

ఆడపడుచు ఇల్లు మారుతూ తన పాత రౌటర్ ఇచ్చి పోయింది.

"ఊరికే వైరు గుచ్చితే చాలు వదినా. పిల్లల ఆట."

కంగారమ్మకి ఊరికే అయిపోయే పనులంటేనే ఎక్కువ భయం. అందుకని బిడ్డకి పాలిస్తూ, నిద్రపుచ్చుతూ, సౌండు తగ్గించి వీడియోలు చూసింది. ముగ్గురు వేరువేరు మనుషులు మూడు రకాలుగా చెప్పి, ముగ్గురూ "చాలా సింపుల్" అని ముగించారు. మూడోవాడి మాట కాస్త తలకెక్కింది. పొద్దున్నే ల్యాప్‌టాప్, రౌటర్, పొడుగు వైరు, పొట్టి వైరు ముందేసుకుని నేల మీద కూర్చుంది.

అత్తగారు బిడ్డని చంకనేసుకుని గుమ్మంలో నిలబడింది. "ఏమ్మాయ్, ఉన్న పెట్టె ఉండగా ఇంకో పెట్టె ఎందుకే?"

"పెద్ద పెట్టె మాట ఇక్కడిదాకా వినపడదు అత్తయ్యా. దాని మాట ఇది అందుకుని ఈ గదిలో చెప్తుంది."

"మరి గుచ్చెయ్, అయిపోతుందిగా."

"అలా గుచ్చకూడదు. ఇంట్లో ఉన్న ప్రతి ఫోనుకీ, టీవీకీ పెద్ద పెట్టె ఒక్కో నంబరు ఇస్తుంది. ఈ చిన్నదానికి కూడా నంబర్లు ఇచ్చే అలవాటుంది. ఇది వేరే ఇంట్లో పెత్తనం చేసి వచ్చింది కదా. రెండూ ఇచ్చాయనుకోండి, ఎవరి మాట వినాలో తెలియక అన్నీ తికమకపడతాయి. అందుకని ముందు దీని పెత్తనం తీసేయాలి."

అత్తగారు బిడ్డని ఇంకో చంకలోకి మార్చుకుంది. "అంటే కొత్తగా వచ్చింది నోరు మూసుకుని పెద్దదాని మాట వినాలి. అంతేగా?"

"అంతే."

"మంచి మిషనే." అత్తగారి మొహం వెలిగిపోయింది. "నువ్వు కూడా ఆ వీడియో ఇంకోసారి చూడమ్మా."

కంగారమ్మ నవ్వాలో వద్దో తేల్చుకునేలోపే ఆవిడ సీరియల్‌కి వెళ్ళిపోయింది.

పొట్టి వైరు ఒక కొస రౌటర్‌కి, ఇంకో కొస ల్యాప్‌టాప్‌కి పెట్టింది. వీడియోలోవాడు చెప్పినట్టే సెట్టింగుల్లోకి వెళ్ళింది. రెండు పెట్టెల అడ్రసూ ఒకటే ఉంది, చిన్నదాని ఆఖరి అంకె మార్చింది. నంబర్లు పంచే పని దగ్గర 'ఆపు' అని నొక్కింది. నొక్కేముందు కళ్ళు మూసుకుంది. పేలలేదు. తర్వాత పొడుగు వైరుని హాల్లోంచి గోడ వారగా తెచ్చింది. బిడ్డ ఇప్పుడిప్పుడే పాకుతూ దొరికిందల్లా పట్టుకుని నిలబడుతోంది కాబట్టి జానెడు జానెడుకీ టేపు వేసింది. టేపు చుట్ట అయిపోయేసరికి ఆ వైరు దెబ్బ తగిలి కట్టు కట్టిన కాలులా తయారైంది. దాన్ని రౌటర్ వెనక, రంగు వేరుగా ఉన్న సాకెట్‌లో కాకుండా ఒకే రంగులో వరసగా ఉన్న నాలుగిట్లో ఒకదాంట్లో పెట్టింది. ల్యాప్‌టాప్ తెరిస్తే నెట్టు వచ్చింది. వీడియో కాల్ పెట్టి తన మొహం తనే చూసుకుంది. చెదరలేదు, ఆగలేదు. జుట్టు మాత్రం చూడలేనట్టుంది.

"అత్తయ్యా! వచ్చేసింది!"

"నాకెప్పుడూ ఉందిగా," అని హాల్లోంచి జవాబు వచ్చింది.

ఆడపడుచుకి ఫోటో పంపింది. తను ఇంజనీరు అయ్యుంటే ఎలా ఉండేదో ఒక నిమిషం ఊహించుకుంది. ఆ ఊహలో ఆమెకి కళ్ళజోడు కూడా ఉంది. అక్కడితో ఆగి స్నానానికి వెళ్ళి ఉంటే ఈ కథ ఉండేది కాదు. కానీ పని అయిపోయాక సర్దకపోతే కంగారమ్మకి ఊపిరాడదు.

చిన్న రౌటర్ గూట్లో ఉంది. పొట్టి వైరుతో ఇక పని లేదు, ల్యాప్‌టాప్‌కి గాల్లోంచే నెట్టు వస్తోంది. ల్యాప్‌టాప్ పాతది కాబట్టి అటు కొస ఇట్టే ఊడొచ్చింది. రౌటర్ వైపు కొస రాలేదు. దాని ప్లాస్టిక్ నాలుకని గోటితో నొక్కి లాగాలి. కంగారమ్మకి గోళ్ళు లేవు. బిడ్డకి గీసుకుంటుందేమోనని పురిటి నుంచి వచ్చిన రోజు నుంచీ మాంసం దాకా కత్తిరించేస్తోంది. నొక్కింది, లాగింది, పళ్ళతో ప్రయత్నించబోయి షాకు కొడుతుందని ఆగింది. ఊడిన కొస గూట్లోంచి కిందికి వేలాడుతోంది. సరిగ్గా బిడ్డ నిలబడితే నోటికి అందేంత ఎత్తులో. ఆ కొసన ఉన్న చిన్న ప్లాస్టిక్ ముక్క విరగడం, గొంతులో పడటం, వరండా, గోడ... అన్నీ వరసగా కళ్ళ ముందు తిరిగాయి.

రౌటర్ వెనక ఇంకా రెండు సాకెట్లు ఖాళీగా ఉన్నాయి. వేలాడే కొసని ఎత్తి పక్క సాకెట్‌లో గుచ్చేసింది. టక్ మంది. వైరు గుండ్రంగా చుట్టుకుని బుద్ధిగా కూర్చుంది. రౌటర్ మీది లైట్లన్నీ ఒక్కసారిగా టపటపా కొట్టుకోవడం మొదలెట్టాయి. సంతోషంగా ఉందనుకుంది.

"ఏమ్మాయ్! వీడి నోరు తెరుచుకుని ఉండిపోయిందే!"

బిడ్డ అనుకుని హాల్లోకి ఒక్క దూకులో వచ్చిపడింది. నోరు తెరుచుకుని ఉండిపోయింది సీరియల్లో విలన్. మధ్యలో ఒక గుండ్రం తిరుగుతోంది. ఫోన్లో నెట్టు లేదు. ల్యాప్‌టాప్‌లో లేదు. టీవీ పైనున్న పెద్ద పెట్టె లైట్లు కూడా పూనకం వచ్చినట్టు ఊగుతున్నాయి.

అన్నిటినీ ఆపి మళ్ళీ పెట్టింది. లైట్లు కాసేపు మామూలుగా ఉండి మళ్ళీ ఊగాయి. సెట్టింగుల్లోకి వెళ్దామంటే పేజీయే తెరుచుకోవటం లేదు. నెట్టు కంపెనీకి ఫోన్ చేస్తే, మీ కాల్ మాకు చాలా ముఖ్యం అని ఒక ఆడగొంతు చెప్పి పాట వేసింది. పెరట్లో నిలబడి ఆ పాట మొత్తం విని, మొగుడికి ఫోన్ చేసింది. ఆయనది లిఫ్టులు బాగుచేసే పని.

"ఏవండీ, మొత్తం పోయింది."

"ఏం పోయింది? పాప బాగానే ఉందా?"

"పాప బాగానే ఉంది. ఇంట్లో నెట్టు మొత్తం పోయింది. టీవీలో కూడా."

"చూడు, నేను లిఫ్టు నెత్తిన నిలబడి ఉన్నా. కింద ఒకాయన ఇరుక్కుపోయి నన్ను నోటికొచ్చినట్టు తిడుతున్నాడు. ఆ కొత్త పెట్టె పీకేసి మూల పడెయ్. రాత్రికి నేనొచ్చి చూస్తా."

"పరీక్ష రాత్రికి కాదండీ, మధ్యాహ్నం."

"అయితే పడకగదిలో కూర్చుని ఇవ్వు."

"ఆ తలుపు నిలవదు కదా."

"ఎందుకు నిలవదు?"

కంగారమ్మ ఫోన్ చెవికి దూరంగా పట్టుకుంది. "మీ గొంతు సరిగ్గా వినపడటం లేదు. జాగ్రత్తగా దిగండి," అని పెట్టేసింది.

పీకి మూల పడేయడం ఆమెకి తెలియని విద్య కాదు. చదువు అలాగే పడేసింది. కుట్టుపని క్లాసు అలాగే పడేసింది. పీకెయ్యడానికి చెయ్యి కూడా చాచింది. కానీ ఒకసారి నెట్టు వచ్చింది కదా. తన మొహం తనే చూసుకుంది కదా, ఆ పిచ్చి జుట్టుతో సహా. రానిది రాలేదంటే సరే, వచ్చింది ఎక్కడికి పోయిందో తెలియకుండా వదిలేయడానికి ఈసారి మనసు రాలేదు. నేల మీద కూలబడి తల పట్టుకుంది.

సీరియల్ ఆగిపోయిన మనిషి ఎంత శ్రద్ధగా ఆరా తీస్తుందో అత్తగారిని చూస్తే తెలుస్తుంది. బిడ్డతో సహా వచ్చి పరుపుల మీద కూర్చుంది.

"ఇందాక వచ్చిందని కేకేశావుగా?"

"వచ్చింది."

"తర్వాత ఏం చేశావ్?"

"ఏమీ చేయలేదు."

"ఏమీ చేయకుండా నువ్వు ఉండవుగా."

"ఊరికే సర్దాను, అంతే."

"అదీ!" అత్తగారు తొడ మీద చరిచింది. "ఏం సర్దావో చెప్పు. మొన్న నువ్వు సర్దిన మందులడబ్బా ఇంకా దొరకలేదు నాకు."

కంగారమ్మ గూటి వైపు చూసింది. పొడుగు వైరు పెద్ద పెట్టె నుంచి వస్తోంది, సరే. పొట్టి వైరు ఎక్కడి నుంచి వస్తోంది? రౌటర్ నుంచి. ఎక్కడికి పోతోంది? మళ్ళీ రౌటర్‌లోకే. పెద్ద పెట్టె పంపిన ప్రతి మాటా ఒక చెవిలోంచి బయటికొచ్చి ఇంకో చెవిలోకి పోతోంది. మళ్ళీ బయటికి, మళ్ళీ లోపలికి. ఒకే మాట తిరిగీ తిరిగీ, పెరిగీ పెరిగీ ఇల్లంతా నిండిపోయి ఎవరికీ వేరే మాట వినపడకుండా చేస్తోంది. ఈ వ్యవహారం ఆమెకి కొత్త కాదు. రోజూ పక్క మీద వాలగానే ఆమె బుర్రలో జరిగేది ఇదే.

"అత్తయ్యా, మీకు గోళ్ళున్నాయా?"

"ఇంట్లో పని ఎవరు చేస్తున్నారనుకున్నావ్, గోళ్ళుండటానికి?" అంటూనే ఆవిడ కొప్పులోంచి పిన్ను లాగింది. ప్లాస్టిక్ నాలుకని పిన్నుతో నొక్కింది. కోడలు లాగింది. ఒక కొస, తర్వాత రెండో కొస. లైట్లు నెమ్మదించాయి. హాల్లో విలన్ నోరు మూసి, మళ్ళీ తెరిచి, వదిలేసిన తిట్టు పూర్తి చేశాడు.

"ఈ ముక్క వైరు దేనికి గుచ్చావే అక్కడ?"

"పాప నోట్లో పెట్టుకుంటుందేమోనని."

అత్తగారు వైరు వైపు, కోడలి వైపు, చంకలో ఉన్న బిడ్డ వైపు చూసింది. బిడ్డ అప్పటికే ఆవిడ కళ్ళజోడు తాడు నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది. పిన్ను మళ్ళీ కొప్పులో గుచ్చుకుంది.

పరీక్ష వేళయింది. అప్పుడు గుర్తొచ్చింది కంగారమ్మకి అసలు సంగతి. ఇన్నాళ్ళూ గది గురించి, వైరు గురించి హైరానా పడింది గానీ, తలుపు మూశాక బిడ్డ తలుపుకి అవతల ఉంటుందన్న మాట ఆలోచించనే లేదు. అన్ని ఆపదల గురించీ ముందే ఆలోచించే మనిషికి ఇదొక్కటీ ఎలా తప్పిపోయిందో!

"అత్తయ్యా, నీళ్ళ బకెట్ దగ్గరికి పోనివ్వకండి. నాణేలేవీ కింద ఉండకుండా చూడండి. నిద్రపోతే పక్కకి తిప్పండి. మరీ పక్కకి కాదు. దగ్గితే—"

"ముగ్గుర్ని పెంచానమ్మా నేను."

"అందులో ఒకరు మంచం మీంచి పడ్డారట కదా?"

"పడ్డది నీ మొగుడే. బాగానే ఉన్నాడుగా?"

కంగారమ్మ తలుపు మూసింది.

మేడమ్ వీడియోలో చిన్న బొట్టు బిళ్ళతో, పెద్ద కళ్ళజోడుతో కనిపించింది. గది చూపించమంది. పరుపులు, ఫ్యాను, మూసిన తలుపు చూపించింది. నెట్టు ఎక్కడా తడబడలేదు. తడబడేది ఇక తనొక్కతే.

"సరే. నేను ఫోన్ చేసిన మనిషిని. మొదలెడదామా?" అని మేడమ్ గొంతు మార్చింది. "హలో! పళ్ళ డాక్టర్ గారేనా? నాకు కింది దవడ పన్ను నొప్పి. ఎల్లుండి ఎప్పుడైనా టైమివ్వండి, తొందరేం లేదు."

పేరు అడగాలి, నంబరు అడగాలి, ఎల్లుండి ఖాళీ చూసి ఇవ్వాలి. అంతే రాసి ఇచ్చారు. పేరు అడిగింది. నంబరు అడిగింది. అప్పుడే తలుపు మీద చిన్న అరచేతులు పడ్డాయి. దప్, దప్. వెంటనే ఏడుపు.

మేడమ్ మామూలు గొంతులోకి వచ్చింది. "పాపా?"

"అవునండీ."

"వెళ్ళి చూసొస్తారా?"

అది దయో, పరీక్షో తెలియలేదు. కాళ్ళు అప్పటికే సగం లేచాయి. కుర్చీ కిర్రుమంది. ఏడుపు పెద్దదైంది. అది ఆకలి ఏడుపు కాదు, నొప్పి ఏడుపు కాదు, తలుపు మీద కోపం. ఆ తేడా ఆమెకి తెలుసు. ప్రపంచంలో ఇంకేదీ అంత కచ్చితంగా తెలియదు.

"మా అత్తయ్య ఉన్నారండీ," అంది. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని తనకే అనుమానమొచ్చింది. మళ్ళీ కూర్చుంది. "మీ నొప్పి సంగతి చెప్పండి. దవడ వాచిందా?"

"ఆ... కొద్దిగా."

"వాపు పైకి వస్తోందా, మెడ వైపుకి దిగుతోందా?"

మేడమ్ కళ్ళజోడు పైకి తోసుకుంది. "మెడ వైపే."

"జ్వరముందా? నోరు పూర్తిగా తెరుచుకుంటోందా? మింగితే ఇబ్బందిగా ఉందా?" ఇవేవీ ఎవరూ రాసివ్వలేదు. బిడ్డకి పళ్ళొచ్చేటప్పుడు భయంతో తనే వెతికి వెతికి చదివినవి.

"మింగడం కష్టంగానే ఉంది."

"అయితే ఎల్లుండి దాకా ఆగొద్దండీ. ఇవాళే, ఇప్పుడే రండి. నేను డాక్టర్ గారికి చెప్తాను. బండి మీరు నడపకండి. ఇంట్లో ఎవరైనా ఉన్నారా? మీరుండేది ఎన్నో అంతస్తు? మెట్లు దిగేటప్పుడు—"

"చాలు, చాలమ్మా," అని మేడమ్ నవ్వేసింది. "మెట్లు నేను దిగుతాలే. ఆ మింగడం గురించి ఇవాళ ఎవరూ అడగలేదు. అందరూ ఎల్లుండికి టైము ఇచ్చేశారు. కానీ మీతో ఇంకాసేపు మాట్లాడితే ఆ మనిషి పన్ను నొప్పితో కాదు, భయంతో పోతాడు. సగం తగ్గించాలి. తగ్గిస్తారా?"

"తగ్గిస్తానండీ." అబద్ధమేమో అనిపించింది. "ప్రయత్నిస్తానండీ."

"సోమవారం నుంచి రండి. రండి అంటే, ఆ గదిలోనే కూర్చోండి."

స్క్రీన్ ఖాళీ అయింది. కంగారమ్మ హెడ్‌ఫోన్ తీసింది. అప్పుడు తెలిసింది, ఏడుపు వినపడటం లేదు. ఎప్పుడాగిందో కూడా తెలియదు. ఏడుపు కంటే అదే పెద్ద భయం. ఒక్క అంగలో వెళ్ళి తలుపు తెరిచింది.

బిడ్డ హాల్లో నేల మీద కూర్చుని గరిటెతో గిన్నె మీద వాయిస్తోంది. తల్లిని చూసింది. గరిటె చూసుకుంది. మళ్ళీ వాయించుకుంది.

"ఏడ్చింది కదా?"

"ఏడ్చింది. మానేసింది."

"నన్ను వెతికిందా?"

"కాసేపు. తర్వాత గిన్నె దొరికింది." అత్తగారు ఆమె మొహంలోకి చూసింది. "ఏమైంది, రాలేదా?"

"వచ్చింది అత్తయ్యా. సోమవారం నుంచి."

"మరి ఆ ఏడుపు మొహమేంటే!"

కంగారమ్మకీ తెలియలేదు. బిడ్డ ఏడిచి ఏడిచి నీరసపడి ఉంటే ఏం చెయ్యాలో తెలుసు. మూలెక్కడో ఇరుక్కుపోయి ఉంటే ఏం చెయ్యాలో తెలుసు. తను లేకుండా హాయిగా ఉంటే ఏం చెయ్యాలన్నది మాత్రం ఏ వీడియోలోనూ చూడలేదు. వంగి ఎత్తుకోబోయింది. బిడ్డ ఒళ్ళు విరుచుకుని, గరిటె పట్టుకున్న చేత్తో ఆమె చెయ్యి తోసేసింది.

"దాని ఆట కానివ్వు," అంది అత్తగారు. "ఏం, ఎక్కడికైనా పారిపోతుందా పిల్ల? పో, కాసేపు నీ గదిలో కూర్చో."

నీ గది అంది. పరుపులు, ఫ్యాను, ఇస్త్రీ బల్ల ఉన్న గదిని నీ గది అంది. కంగారమ్మ అక్కడే కాసేపు నిలబడింది, ఎవరైనా పిలుస్తారేమోనని. ఎవరూ పిలవలేదు. లోపలికి వెళ్ళి తలుపు మూసింది. పని లేదు, కాల్ లేదు, గదిలో నెట్టు మాత్రం నిండుగా ఉంది. ఊరికే కుర్చీలో కూర్చుంది.

మధ్యలో లేచి తలుపు కొంచెం తెరిచి చూసింది. రెండుసార్లు. మూడోసారి లేవబోయి కూర్చుండిపోయింది.